ఏడో నంబరు రీలు

విశ్వనాథానికి ఆ అవార్డు పలక ఇచ్చింది పని చూసి కాదు, చర్మం చూసి. ఏడేళ్లయింది. ఇందులో అనుమానం లేదు. ఆ ఏడాది పేపర్లనిండా ఒకటే గోల, సినిమా అవార్డులన్నీ తెల్లవాళ్లకేనా అని. ఆ గోల బర్‌బ్యాంక్‌లో ఫిల్మ్ లాబ్ పనివాళ్ల సంఘం దాకా వచ్చింది. పుట్టినప్పటి నుంచీ తెల్లవాళ్లకే ఇస్తూ వచ్చిన పలకని సంఘం ఆ ఏడు ఆయనకిచ్చింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మర్నాడు కాఫీ మిషన్ దగ్గర వాల్టర్ ఎవరితోనో అన్నాడు, ఈ ఏడు ఎలాగూ ఒకడు కావాల్సొచ్చింది, వీడైతే నయం అని. వాల్టర్‌ది పక్క బల్ల. విశ్వనాథం గోడకి ఇవతల ఉన్నాడు. విన్నాడు. కాఫీ తాగకుండా వెళ్లి పనిలో కూర్చున్నాడు. పలకని గరాజ్‌లో పెయింట్ డబ్బాల వెనక పెట్టాడు. భార్య జ్ఞానప్రసూన రెండుసార్లు దాన్ని తుడిచి తెచ్చి హాల్లో పెట్టింది. రెండుసార్లూ తీసేశాడు. ఆమె పోయాక మూడోసారి తెచ్చేవాళ్లు లేరు.

2009 ఫిబ్రవరిలో సంఘం ఆయన్ని జడ్జీల్లో వేసింది. అదీ ఎందుకో ఆయనకి తెలుసు. ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఒకే రంగు. గ్రూప్ ఫొటో తీస్తే బాగుండదు.

కాదందామనుకున్నాడు. తర్వాత ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. రీళ్ల మీద పేరు ఉండకూడదు. లాబ్ పేరు, సినిమా పేరు కూడా ఉండకూడదు. ఒక్క నంబరే ఉండాలి. విడుదలైన సినిమాలు వద్దు, ఇంకా ఎవరూ చూడని చిన్న సినిమాలే పెట్టాలి. ఏ నంబరు ఎవరిదో చైర్మన్ ఫ్రాంక్ దగ్గర కవర్లో ఉంటుంది, అవార్డులిచ్చే భోజనాల రోజు దాకా ఆయన కూడా తెరవకూడదు. ఫ్రాంక్ గొణిగాడు, ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకని. విశ్వనాథం షరతు మళ్లీ చెప్పాడు. ఫ్రాంక్ ఒప్పుకున్నాడు.

ఆ వారమే హాసిని ఫోన్ చేసింది. మూడేళ్లు ఆయన పక్క బల్ల మీద పని నేర్చుకున్న పిల్ల. ఏడాది క్రితం నది అవతల లాబ్‌కి మారింది. అంతకు ముందే వాల్టర్ కూడా అక్కడికే వెళ్లాడు. తను కూడా ఒక రీలు పంపానని చెప్పింది. ఏ సినిమా అని చెప్పకు, అన్నాడు. చెప్పను అంకుల్, అంది. వాల్టర్ కూడా పంపాడట. ఈ వేసవికి రిటైర్ అవుతున్నాడు. ముప్ఫై అయిదేళ్ల సర్వీసు, పలక మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆ సంగతీ హాసినే చెప్పింది.

*

వాళ్ల పని పేరు, ఆయన మొదట పనిచేసిన మద్రాసు లాబ్‌లో గ్రేడింగ్. ఇక్కడ టైమింగ్ అన్నారు. పేరేదైనా పని ఒకటే. నెగటివ్‌ని షాటు షాటుగా చూసి, ఒక్కో షాటుకి ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడంకెలు రాయాలి. ఆ అంకెల ప్రకారం మిషన్ లైటు వేసి ప్రింటు తీస్తుంది. ప్రింటు చూసుకుని మళ్లీ దిద్దాలి. తెర మీద ఎరుపు పెరగాలంటే ఎరుపు లైటు తగ్గించాలి. వెలుగు పెరగాలంటే అంకె దించాలి. అంతా తలకిందులు. అలవాటయ్యేదాకా పిచ్చెక్కుతుంది, అలవాటయ్యాక మనిషి ముఖం చూస్తే అంకెలు కనిపిస్తాయి.

రీలు మొదట్లో నాలుగు ఫ్రేముల పాటు ఒక తెల్లమ్మాయి ముఖం ఉంటుంది. ప్రేక్షకులు దాన్ని ఎప్పుడూ చూడరు. ఆ ముఖం సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. అన్ని లాబ్‌ల్లోనూ అంతే, మద్రాసులోనూ అంతే. తెల్లముఖం కుదిరాక తక్కిన ముఖాలు వాటి ఖర్మ. నల్లటి ముఖం మసిగుడ్డలా వచ్చేది. పళ్లు, కళ్లు మాత్రం తెలిసేవి.

హాసిని చేరిన మొదటి నెలలో విశ్వనాథం ఒక టెస్టు ఫిల్ము ముక్క తీసి లైటు బల్ల మీద పరిచాడు. భూతద్దం ఆమె చేతికిచ్చాడు. మిషన్‌కి ఈ తెల్లమ్మాయి ముఖం చాలు, నీకు చాలదు, అన్నాడు. షాటులో అందరికంటే నల్లని మనిషి ఎవరో ముందు వెతుకు. ఆ మనిషి ముఖంలో బుగ్గ ఎక్కడ తిరిగిందో, కణత ఎక్కడ పల్లమైందో కనపడాలి. అక్కడ అంకె ఆపు. తక్కినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. షాటులో దీపం ఉంటే, అది వెలుగెక్కి తెల్లగా కాలిపోతే కాలిపోనీ, దీపానికి ఏడ్చేవాళ్లు లేరు.

ఈ సంగతి ఆయన ఇంకెవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

*

మంగళవారం పొద్దున నలభై సీట్ల చిన్న థియేటర్లో రీళ్లు వేశారు. మొత్తం తొమ్మిది. విశ్వనాథం మూడో వరసలో, మధ్య సీటుకి ఒక సీటు పక్కగా కూర్చున్నాడు. ఒళ్లో కాగితం, చేతిలో పెన్సిలు. పెరుగన్నం డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

రెండు రీళ్లు పోయాయి. మూడో నంబరు వచ్చింది.

వేడి ఊరు. కరెంటు పోయింది. ఒక నల్లవాళ్ల ఇంటి వరండా. కిరసనాయిలు దీపం ఒకటే. ఒక ముసలావిడ, ఆమె ఇద్దరు కూతుళ్లు, ఒక అల్లుడు. నలుగురూ మాట్లాడుకుంటూ ఉంటారు, అంతే. నలుగురూ నలుపే. కానీ నాలుగు నలుపులు. ముసలావిడది నేరేడుపండు నలుపు, పెద్దకూతురిది కాల్చిన ఇటుక, చిన్నదానిది తేనె, అల్లుడిది తడిసిన మట్టి. ముసలావిడ తల తిప్పినప్పుడు కణత మీద వెలుగు జారి చెవి దాకా వెళ్లింది. దీపం తెల్లగా కాలిపోయింది. ఎవరూ దాన్ని కాపాడే ప్రయత్నం చెయ్యలేదు.

విశ్వనాథం పెన్సిలు కాగితం మీద పెట్టలేదు. రీలు అయిపోయాక కూడా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. ముందు వరసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఇది తను చెప్పిన పద్ధతి. చెప్పింది ఒక్కదానికే.

మధ్యాహ్నం ఏడో నంబరు వేశారు. మంచు. గడ్డ కట్టిన చెరువు, కర్ర ఇల్లు, ముసలి మొగుడూ పెళ్లాం, ఇద్దరూ పాలిపోయిన తెల్లవాళ్లు. పని శుభ్రంగా ఉంది. నీడల్లో నీలం, ఎండ పడ్డచోట తెలుపు, ఎక్కడా తడబాటు లేదు. రెండు షాట్లలో మాత్రం మంచు కొద్దిగా గులాబీకి తిరిగింది. ఆకుపచ్చ లైటు ఒక పాయింటు తగ్గిస్తే సరిపోయేది. జాగ్రత్తగల మనిషి పని. చాలాకాలం నుంచి చేస్తున్న మనిషి, గీత దాటని మనిషి. ఇది వాల్టర్, అనుకున్నాడు విశ్వనాథం. కాగితం మీద గులాబీ అయిన రెండు షాట్ల సంగతి రాసుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నం వండుకున్నాడు. ఒక్కడికి అరగ్లాసు బియ్యం చాలు, ఆ రోజు మరిచిపోయి గ్లాసు పోశాడు.

*

బుధవారం పదింటికి సంఘం ఆఫీసులో ఐదుగురూ కూర్చున్నారు. గంటసేపటికి ఏడు రీళ్లు పక్కకి పోయాయి. మూడో నంబరూ, ఏడో నంబరూ మిగిలాయి.

మాట్లాడుకున్నారు. ఒకాయన మూడో నంబరులో ఆ ముసలావిడ ముఖం తనని నిద్రపోనివ్వలేదన్నాడు. ఇంకొకాయన మంచు టైమింగ్ కంటే కష్టమైన పని లోకంలో లేదన్నాడు. విశ్వనాథం వింటున్నాడు. ఆయన మనసులో తీర్పు మంగళవారమే అయిపోయింది. మూడు. మారు మాట లేదు. పిల్ల గురువుని దాటింది. చెయ్యెత్తి చూపించడమే మిగిలింది.

అప్పుడు ఆ ఐదుగురిలో మార్టిన్ నోరు తెరిచాడు. ఎర్రటి మెడ, మంచి మనిషి, ఎవరి చెడూ కోరడు. మూడో నంబరు ఎవరిదో తనకి తెలుసనుకుంటున్నానన్నాడు. విశ్వనాథం వైపు చూసి నవ్వాడు, నీకూ తెలిసే ఉంటుంది అన్నట్టు. తన ఓటు దానికే అన్నాడు. పని బాగుంది, పైగా ఈ రోజుల్లో బయటికి కూడా బాగుంటుంది అన్నాడు. ఫ్రాంక్ చెయ్యి ఊపి, ఆ మాట మినిట్స్‌లో రాయకండి అన్నాడు. ఇద్దరు నవ్వారు.

అంతే. మార్టిన్ తప్పేమీ అనలేదు. మెచ్చుకున్నాడు.

విశ్వనాథం బల్ల మీద చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. హాసిని స్టేజి ఎక్కడం కనిపించింది. అందరూ లేచి నిలబడటం కనిపించింది. మర్నాడు నది అవతల లాబ్‌లో ఏదో ఒక కాఫీ మిషన్, ఏదో ఒక గోడ. ఆ పిల్లకి ముప్ఫయ్యొక్కటి. ఇంకో ముప్ఫై ఏళ్లు ఆ మాటతో పని చెయ్యాలి. ఎంత మంచి ప్రింటు తీసినా ఆ మాటే ముందు నడుస్తుంది. పైగా ఓటేసింది ఎవరు? దాని గురువు. దాని దేశంవాడు.

ఫ్రాంక్ చేతులెత్తమన్నాడు. మూడుకి ఇద్దరు. ఏడుకి ఇద్దరు. ఫ్రాంక్ అద్దాలు పైకి తోసుకుని విశ్వనాథం వైపు తిరిగాడు.

"ఏడు," అని చెయ్యెత్తాడు విశ్వనాథం.

మార్టిన్ ఆశ్చర్యంగా చూశాడు. ఎందుకని ఫ్రాంక్ అడిగాడు. మంచు మంచులా ఉంది, అన్నాడు విశ్వనాథం. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆయన ఎక్కువ మాట్లాడడని అందరికీ తెలుసు.

ఫ్రీవే మీద పోతుంటే చేతులు తేలికగా ఉన్నాయి. ఒక మనిషిని కాపాడాను అనుకున్నాడు. ఆ పిల్లకి ఇప్పుడు తెలియకపోవచ్చు. తెలియక్కర్లేదు. వాల్టర్‌కి వస్తుంది, రానీ. వాడి పని చెడ్డదేం కాదు. చాలా రోజుల తర్వాత ఆయనకి నిద్ర పట్టింది.

*

శనివారం మధ్యాహ్నం గ్లెండేల్‌లో హోటల్ హాల్లో భోజనాలు. వాల్టర్ వచ్చి విశ్వనాథం పక్కనే కూర్చున్నాడు. చిక్కిపోయాడు, కోటు వదులుగా ఉంది. డిజిటల్ వచ్చి అందరి నోట్లో మట్టి కొడుతోందని, ఈ పలకలు ఇంకో రెండేళ్లు ఇస్తే గొప్పని అన్నాడు. విశ్వనాథం తలూపాడు. రెండు బల్లల అవతల హాసిని కూర్చుంది. ఇటు చూసి చెయ్యూపింది.

ఫ్రాంక్ కవరు చింపాడు. అద్దాలు సర్దుకున్నాడు. ఈసారి రీళ్ల మీద పేర్లు లేవని, అది విశ్వనాథం పట్టుదల అని, ఏ నంబరు ఎవరిదో తనకి కూడా ఇప్పుడే తెలుస్తోందని చెప్పాడు. కాగితం చదివాడు. ఏడో నంబరు, హాసిని. రెండో స్థానం, మూడో నంబరు, వాల్టర్.

విశ్వనాథం చేతులు చప్పట్లకి దగ్గరికొచ్చి కలవకుండా ఆగాయి.

హాసిని నోవైలో పుట్టింది. మిషిగన్. పద్దెనిమిదేళ్లు అక్కడే పెరిగింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంటి ముందు పారతో మంచు ఎత్తిపోశానని పక్క బల్ల మీద కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో. సాయంత్రం మంచు ఏ రంగో, పొద్దున ఏ రంగో ఆ పిల్లకి పుట్టుకతో తెలుసు. ఆయనకి ఆ మాటే తట్టలేదు. నల్లముఖాలు చూడగానే హాసిని అనుకున్నాడు. తెల్లముఖాలు చూడగానే వాల్టర్ అనుకున్నాడు.

ఆ పిల్ల స్టేజి ఎక్కుతోంది. అందరూ లేచారు. ఆయనా లేచాడు.

వెనక బల్ల నుంచి ఎవరో గొంతు తగ్గించి అన్నారు, జడ్జీల్లో ఒకడుంటే చాలన్నమాట అని. ఎవరో ముక్కుతో నవ్వారు. వాల్టర్ వెనక్కి తిరిగాడు. రీలు మీద పేరు లేదు, నంబరుంది, ఓడిపోయింది నేను, నాకు లేని బాధ నీకెందుకు అన్నాడు. వాళ్లు తలలు దించుకున్నారు.

తర్వాత వాల్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తనకి ఏ బాధా లేదన్నాడు. ముప్ఫై అయిదేళ్లలో ఇది మొదటిసారి, ఎవరు ఎవరితో గోల్ఫ్ ఆడతారో చూడకుండా పని చూశారు. ఓడితే ఇలా ఓడాలి. అది నీ పుణ్యం అన్నాడు.

"వరండా సీను ఎవరి దగ్గర నేర్చుకున్నానో గుర్తుపట్టావా?" అన్నాడు వాల్టర్. "నువ్వు చెత్తబుట్టలో పారేసిన టెస్టు ముక్కలు తీసుకునేవాణ్ణి. అందరూ వెళ్లాక లైటు బల్ల మీద పెట్టుకుని చూసేవాణ్ణి. నీకు పలక వచ్చిన ఏడాది నుంచి. ఎనిమిది వందల ముక్కలు ఉంటాయి ఇంట్లో."

విశ్వనాథం నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి, మళ్లీ ఎత్తి, ఖాళీ అని చూసి దించాడు. అంటే ఆ పని విలువ వీడికి అప్పుడే తెలుసు. తెలిసే కాఫీ మిషన్ దగ్గర ఆ మాట అన్నాడు. అది ఒక లెక్క. ఈ లెక్కలో మాత్రం వీడికి రావలసింది రాలేదు, తీసేసింది తను. రెండు లెక్కలూ ఒకదానికొకటి చెల్లవు.

వాల్టర్‌తో ఒక్క మాట అనగలిగాడు. ముసలావిడ కణత బాగా వచ్చిందన్నాడు. వాల్టర్ ముఖం వెలిగింది. దానికి పదకొండు ప్రింట్లు తీశానన్నాడు.

*

ఆదివారం పొద్దున్నే అచ్యుతరావు ఫోన్. రిటైరైన గుండె డాక్టరు, ఊళ్లో తెలుగువాళ్ల సభలన్నింటికీ మైకు ఆయనదే.

"ఏమయ్యా విశ్వనాథం, కొట్టేశావు!"

ఏం కొట్టానన్నాడు విశ్వనాథం.

"మనమ్మాయికి అవార్డటగా. జడ్జీవి నువ్వటగా. ఇంకేం కావాలి? మనవాళ్లకి మనం కాకపోతే ఎవరేస్తారయ్యా. గుజరాతీలు చూడు, ఇదే పని చేసి మోటళ్లన్నీ పట్టుకున్నారు."

రీళ్ల మీద పేర్లు లేవన్నాడు విశ్వనాథం.

"సరేలే, నాతోనా?" అచ్యుతరావు పడీపడీ నవ్వాడు. "పేర్లు లేకపోతే మాత్రం మన చెయ్యి మనకి తెలీదూ? మంచి పని చేశావు. ఉగాదికి ఇద్దరికీ శాలువాలు కప్పుతాం. రెండు ముక్కలు మాట్లాడుదువుగాని."

వద్దన్నాడు. మొహమాటం పనికిరాదన్నాడు అచ్యుతరావు. విశ్వనాథం ఫోన్ పెట్టేశాడు. వెనక బల్లవాళ్లు తిట్టింది, ఈయన మెచ్చుకుంది ఒకటే మాట. నిజం ఇద్దరికీ తెలియదు. నిజం ఆ రెండిటికంటే హీనంగా ఉంది. ఏడేళ్ల క్రితం ఆయనకి చేశారని ఆయన నమ్మిన పని, మొన్న బుధవారం ఆయన తన చేత్తో చేశాడు. పేరు లేని రీలు మీద కూడా చర్మం చూశాడు.

వాల్టర్ నంబరు నొక్కాడు. ఒకసారి మోగింది. పెట్టేశాడు. ఏం చెప్పాలి? నీది గెలవాల్సింది, నీది కాదనుకుని ఓడించాను అనా? ఒక్కసారైనా న్యాయంగా ఓడానని వాడు సంతోషంగా ఉన్నాడు. అది కూడా లాక్కోవాలా?

*

సోమవారం మధ్యాహ్నం భోజనం వేళకి హాసిని లాబ్‌కి వచ్చింది. చేతిలో ఇండియన్ స్టోర్ ప్లాస్టిక్ సంచి. అందులో పలక. విశ్వనాథం పెరుగన్నం డబ్బా మూత పెట్టేశాడు.

ఆమె పాత బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. పలక బయటికి తియ్యలేదు. పొద్దున తన లాబ్‌లో ఎవరూ ఏమీ అనలేదని, అందరూ కంగ్రాట్స్ చెప్పారని, ఆ చెప్పడంలోనే ఏదో ఉందని అంది. కిచెన్‌లోకి వెళ్తే మాటలు ఆగిపోయాయట. ఆఖరికి ఫ్రంట్ డెస్క్ అమ్మాయి అడిగేసిందట, ఆ జడ్జి మీకు చుట్టమా అని.

"నాకు ఏడుపు రాలేదు అంకుల్," అంది. "కోపం కూడా రాలేదు. జస్ట్... టైర్డ్. మీకు అప్పుడు ఇలాగే ఉండిందా?"

విశ్వనాథం బల్ల మీదున్న తెల్ల గ్లోవ్స్ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

వాల్టర్ రీలు శనివారమే చూశానంది. భోజనాలయ్యాక ఆయన్నే అడిగి వేయించుకుందట. చాలా బాగుంది. తనదాని కంటే బాగుందేమో తెలియడం లేదు. తన రీలు వందసార్లు చూసింది, ఇక కళ్లు పని చెయ్యవు. కంప్యూటర్ మీద సినిమాలకి రంగులు దిద్దే డిజిటల్ హౌస్ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు, పలక చూసే పిలిచారు. గురువారం వెళ్లాలి.

"నాకు ఒక్కటే చెప్పండి," అంది. "మీరు ఫేవర్ చేశారా? నేను ఇండియన్ అని, మీ స్టూడెంట్ అని? చేస్తే చేశాను అనండి, నేను ఏమీ అనుకోను. ఇది ఫ్రాంక్‌కి తిరిగి ఇచ్చేస్తా. ఇంకెవరు చెప్పినా నమ్మను. మీరు చెప్తే నమ్ముతా."

లోపల ప్రింటింగ్ మిషన్ తిరుగుతున్న చప్పుడు. విశ్వనాథం ఆమె ముఖం చూశాడు. కళ్ల కింద ఉబ్బి ఉంది, నిద్ర లేదు. నిజం చెప్తే ఈ పిల్ల లేచి నేరుగా ఫ్రాంక్ దగ్గరికి పోతుంది. గురువారం ఇంటర్వ్యూ ఉండదు. వాల్టర్‌కి కబురు తెలుస్తుంది. అబద్ధం చెప్తే ఈ పిల్ల కనిపెడుతుంది. మూడేళ్లు ఆయన ముఖాన్ని పక్కనుంచి చూసింది, ఏ షాటు నచ్చలేదో ఆయన చెప్పకముందే చెప్పేది.

"రీలు మీద పేరు లేదమ్మా," అన్నాడు. "అది నీదని నాకు తెలియదు. నీదని నేననుకోలేదు. ఏడో నంబరుకి చెయ్యెత్తాను."

ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

హాసిని భుజాలు దిగాయి. చాలాసేపు ఊపిరి బిగబట్టినట్టుంది, వదిలింది. నవ్వింది. సంచిలోంచి పలక తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అంతే చాలు," అంది. తర్వాత ఆ మూడో నంబరు గురించి అడిగింది. వాల్టర్‌ది చూసినప్పుడు ఏమనిపించింది, రెండిటికీ తేడా ఎక్కడ వచ్చింది, తను నేర్చుకోవాలని అంది.

"అది అడగకు."

"పని గురించే అంకుల్..."

"ఇవాళా అడగకు, ఇంకెప్పుడూ అడగకు. ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు."

ఆయన అలా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. లేచింది. పలకని సంచిలో పెట్టుకుంది. థాంక్స్ చెప్పి, తలుపు దగ్గర ఒకసారి ఆగి, వెళ్లిపోయింది.

నాలుగింటికి ఫ్రాంక్ ఫోన్ చేశాడు. నంబర్ల పద్ధతి అందరికీ నచ్చిందట. ఇకనుంచి ప్రతి ఏడూ అలాగేనట, దానికి విశ్వనాథం పేరే పెడదామంటున్నారట. వచ్చే ఏడాది కూడా జడ్జిగా ఉండాలన్నాడు. ఉండనన్నాడు విశ్వనాథం. పేరూ వద్దన్నాడు. ఎందుకని ఫ్రాంక్ అడిగాడు. రెండుసార్లు అడిగాడు.

చెప్పలేదు. ఉగాదికి శాలువా తెచ్చిన అచ్యుతరావుకీ చెప్పలేదు. వేసవిలో రిటైరై వెళ్తూ చెయ్యి కలపడానికొచ్చిన వాల్టర్‌కీ చెప్పలేదు. చెప్పడు.